కొత్త కట్టు పరీక్షలో నాన్నగారిని చేర్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. నాలుగు నెలల కిందట కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో ఉన్న ఆనెకాయ కింద పుండు పడింది. నొప్పి లేదనేవారు, అందుకే మొదట్లో మేమూ పట్టించుకోలేదు. తర్వాత మా ఊళ్లో చెప్పిన వెండి డ్రెస్సింగులు వాడాం. అవి అయ్యాక కొల్లాజెన్ షీట్లు వాడాం. డబ్బు అవుతోంది గానీ పుండు అలాగే ఉంది. ఈ మధ్య విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ కొత్త రకం డ్రెస్సింగ్‌ను పరీక్షిస్తున్నామని, నాన్నగారిని చేర్చుకుంటామని, కట్లన్నీ ఉచితమని చెప్పారు. అయితే సగం మందికే కొత్తది, మిగతా సగానికి మామూలుదట. ఎవరికి ఏదో కంప్యూటర్ నిర్ణయిస్తుందట. మా మేనత్త ‘అన్నయ్య మీద ప్రయోగాలు చేయిస్తావా’ అని ఏడుస్తోంది. చుట్టుపక్కల వాళ్లేమో కట్టు తీసేసి గాలికి ఆరనివ్వమంటారు, తేనె రాయమంటారు. నాన్నగారు ‘నువ్వెలా అంటే అలా’ అంటారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
ఒక కూతురు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, జవాబు ముందే చెప్పేస్తాను. చేర్చవచ్చు, కానీ ఒక షరతు మీద. ఏ కట్టు వచ్చినా సరే, నాన్నగారి పుండు మీద ఒంటి బరువు పడకుండా చూసే ఏర్పాటు, ఆ కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో చూసే పరీక్ష, ఎముక దాకా ఇన్ఫెక్షన్ పాకలేదని తేల్చుకోవడం, ఈ మూడూ వాళ్లు చేస్తుండాలి. చేస్తుంటే ధైర్యంగా చేర్చండి. కట్టు మార్చి చూస్తాం, అంతకు మించి ఏమీ లేదంటే వద్దని చెప్పి, ఈ మూడూ చేసే చోటికి తీసుకెళ్లండి.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అందులో వెండి కట్టు ఉంది, కొల్లాజెన్ ఉంది, తేనె ఉంది. నాన్నగారు ఏ చెప్పులతో నడుస్తున్నారో మాత్రం ఎక్కడా లేదు. నాలుగు నెలలుగా ఆ ప్రశ్న మిమ్మల్ని ఎవరూ అడగలేదని అర్థమైంది. నాకు బాధ కలిగించింది అదే. బొటనవేలి మొదట్లో ఆనెకాయ, దాని కింద పుండు, నొప్పి లేకపోవడం: ఈ మూడూ కలిస్తే దాదాపు ఎప్పుడూ ఒకటే కథ. షుగర్ వల్ల పాదంలో నరాలు స్పర్శ కోల్పోయాయి. అడుగు వేసిన ప్రతిసారీ ఒకే చోట ఒత్తిడి పడుతోంది. మనకైతే నొప్పి పుట్టి తెలియకుండానే కాలు పక్కకు వేసి నడుస్తాం. ఆయనకు ఆ హెచ్చరిక అందదు. పైన ఎంత ఖరీదైన కట్టు వేసినా, కింద కొత్తగా పుట్టిన లేత కండ మీద ఆయన రోజూ వేలసార్లు అడుగు వేస్తున్నారు. నాటిన నారును రోజూ తొక్కుతూ, ఏ ఎరువు వేస్తే ఎదుగుతుందని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందీ కాదు, ఎక్కడో దూరదేశంలో తేలిందీ కాదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగులకు వైద్యం చేసేవారు. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చినవాళ్ల మాంసం దానంతట అదే కుళ్లిపోతుందని అందరూ నమ్మేవారు. స్పర్శ లేని పాదాన్ని నేలకు కొడుతూ నడవడం వల్లే ఆ పుండ్లు పడుతున్నాయని, కాలికి ప్లాస్టర్ పట్టీ వేసి ఒత్తిడి తప్పిస్తే అవే పుండ్లు మానుతున్నాయని ఆయన చూపించారు. తర్వాత అమెరికా వెళ్లి, అదే పద్ధతిని షుగర్ రోగుల పాదాలకు వాడేలా చేశారు. ఇవాళ మన ఊళ్లలో షుగర్ వాళ్లు కొనుక్కునే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు కూడా మొదట కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి వచ్చినవే.

పాదాన్నీ పిక్కనూ అంటిపెట్టుకుని మోకాలి కింది దాకా వేసే పట్టీని టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. బరువు అరికాలంతా, పిక్కంతా పంచుకుంటుంది కాబట్టి పుండు మీద ఒత్తిడి తగ్గుతుంది. 2001లో అమెరికాలో 63 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో ఈ పట్టీ వేసినవాళ్లలో 12 వారాల్లో దాదాపు 90 శాతం మందికి పుండు మానింది. విప్పుకోవడానికి వీలున్న బూటు ఇచ్చినవాళ్లలో 65 శాతం మందికి, మడమ వైపు సగం మాత్రమే నేలకు తగిలే చెప్పు ఇచ్చినవాళ్లలో 58 శాతం మందికి మానింది. బూటుకూ పట్టీకీ అంత తేడా ఎందుకంటే, విప్పగలిగే బూటును మనిషి విప్పేస్తాడు. అలాంటి బూటు ఇచ్చిన రోగులకు అడుగులు లెక్కపెట్టే పరికరం పెట్టి చూస్తే, రోజు మొత్తం నడకలో 28 శాతం మాత్రమే బూటుతో నడిచారని తేలింది. ఇంట్లోనే కదా, బాత్రూమ్ దాకానే కదా అని తీసేస్తారు. మన ఇళ్లలో గుమ్మం దాటి లోపలికి వస్తే చెప్పులు వదిలేయడమే అలవాటు. కాబట్టి ఈ విషయంలో నాన్నగారితో మీరే మెల్లగా, గట్టిగా మాట్లాడాలి. ఇంట్లోనూ, పూజ గదికి వెళ్లేటప్పుడు కూడా దాన్ని తీయకూడదని, పుండు మానే దాకా దేవుడు ఏమీ అనుకోడని చెప్పండి.

ఒక జాగ్రత్త. ఆ పట్టీ అందరికీ పనికిరాదు. కాలికి రక్తం బాగా తక్కువగా అందుతుంటే, లేదా ఇన్ఫెక్షన్ బలంగా ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. అందుకే రక్తప్రసారం పరీక్ష తప్పనిసరి అంటున్నాను. పాదం మీద నాడి చేత్తో పట్టి చూడటం, రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరికరంతో వినడం, చేతిలోని బీపీకీ చీలమండ దగ్గరి బీపీకీ నిష్పత్తి చూడటం చేస్తారు. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్లకు రక్తనాళాలు గట్టిపడి చీలమండ దగ్గరి బీపీ అబద్ధంగా ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకె బాగుంది కదా అని ఊరుకోకుండా, కాలి వేలి దగ్గర కూడా కొలవగలరా అని అడగండి. ఎముక విషయానికి వస్తే, శుభ్రమైన సన్నటి లోహపు పుల్లతో పుండు అడుగును తాకి ఎముక తగులుతోందా అని చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. అది డాక్టరు చేయవలసిన పని, ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

ఇక కట్టు సంగతికి వస్తాను. గాలికి ఆరనివ్వమని చెప్పేవాళ్లది మంచి మనసే, కానీ ఆ సలహా పాతబడి అరవై ఏళ్లు దాటింది. 1962లో ఇంగ్లండ్‌లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందిపిల్లల చర్మం మీద పైపైన చిన్న గాయాలు చేసి, కొన్నింటిని పాలిథిన్ పొరతో కప్పాడు, కొన్నింటిని గాలికి వదిలేశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో అల్లుకుంది. గాలికి ఆరిన గాయం మీద పెచ్చు కడుతుంది, కొత్త కణాలు ఆ పెచ్చు కింద తడి ఉన్న దారి వెతుక్కుంటూ పాకాలి. తడిగా ఉంటే నేరుగా పాకుతాయి. మరుసటి ఏడాది మనుషుల మీద చేసిన పరీక్షలోనూ ఇదే కనిపించింది. ఇవాళ మందుల షాపులో కనిపించే ఫోమ్, జెల్, ఆల్జినేట్ కట్లన్నీ ఆ ఆలోచన నుంచి పుట్టినవే. పుండును మరీ ఎండనివ్వకుండా, మరీ నాననివ్వకుండా చూడటమే వాటన్నిటి పని. (వేలు నల్లబడి ఎండిపోయి ఉంటే మాత్రం దాన్ని తడపకూడదు. అది వేరే సమస్య, వెంటనే సర్జన్‌కు చూపించాలి.)

ఖర్చు ఎక్కువైన కట్టే మంచిదన్న లెక్క కూడా లేదు. ముంబయిలో కాలిన గాయాలకు ఉడికించిన బంగాళాదుంప తొక్కలతో కట్టు కట్టి 1985లో ఫలితాలు ప్రకటించారు. 2003లో అక్కడే అరటాకు కట్టును వాసెలిన్ రాసిన గాజుగుడ్డతో పోల్చి చూస్తే, అరటాకు కట్టు మార్చేటప్పుడు రోగులకు నొప్పి బాగా తక్కువగా ఉంది. వాటిని ఆసుపత్రిలో క్రిములు లేకుండా చేసి వాడారు. మీరు ఇంట్లో అరటాకు కట్టమని కాదు నేను చెప్పేది. కట్టు విలువ దాని పెట్టె మీద రాసిన ధరలో ఉండదని, మనుషుల మీద సరిగా పోల్చి చూసినప్పుడే తెలుస్తుందని చెబుతున్నాను.

ఇక్కడే మీ మేనత్తగారి మాట తీసుకుంటాను. ‘ప్రయోగం’ అంటే ఆవిడ ఎందుకు అంత భయపడుతున్నారో నాకు అర్థమవుతుంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా పరిశోధన పేరుతో వేలమంది బాలికలకు సూదులు వేశారు. తల్లిదండ్రుల సంతకాలు లేకుండా హాస్టల్ వార్డెన్ల సంతకాలతో కానిచ్చిన సంగతి బయటపడింది. 2010లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మన ప్రాంతంలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది, ఉండాలి కూడా. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. కానీ నాలుగు నెలలుగా నాన్నగారి పాదం మీద జరిగిందేమిటో ఆవిడతో కలిసి ఒకసారి ఆలోచించండి. ఒక కట్టు వేశారు, మానలేదు. ఇంకోటి వేశారు, మానలేదు. పుండు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు ఉందో ఎవరూ రాసిపెట్టలేదు. డబ్బు మీది. అదీ ప్రయోగమే అమ్మా, లెక్కా జవాబుదారీ లేని ప్రయోగం. సరిగా నడిచే పరీక్షలో కనీసం వారం వారం కొలుస్తారు, ఫోటో తీస్తారు, పరిస్థితి చెడితే ఆపుతారు.

మీరు వాడిన వెండి డ్రెస్సింగ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కట్లను ఎలా పరీక్షిస్తారో, ఎక్కడ మోసపోతామో దానితోనే తెలుస్తుంది. ఏ కట్టు అయినా మొదట ల్యాబ్‌లో పరీక్ష పాసవాలి. సోడియం, కాల్షియం లవణాలు కలిపిన నీళ్లలో ముంచి ఎంత రసి పీల్చగలదో తూస్తారు. ఒక రోజులో దాని గుండా ఎంత ఆవిరి బయటికి పోతుందో కొలుస్తారు. అది కణాలను చంపుతుందా, చర్మాన్ని మండిస్తుందా, అలర్జీ తెస్తుందా అని చూస్తారు. వెండి లాంటిది కలిపితే, గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా మీద పెట్టి ఎంత మేర చచ్చిపోయాయో చూస్తారు. ఈ పరీక్షల్లో వెండి అద్భుతంగా పనిచేస్తుంది. కంపెనీ ప్రతినిధి డాక్టరుకు చూపించే బొమ్మలు ఎక్కువగా ఇవే. కానీ గాజు పళ్లెంలో రసి లేదు, చచ్చిన కండ లేదు, పుండు అడుగున జిగురు పొర కట్టుకుని దాక్కున్న క్రిములు లేవు, మీద 70 కిలోల మనిషి నిలబడి లేడు.

తర్వాత జంతువులు. ఎలుకలకు చర్మం కింద ప్రత్యేకమైన కండర పొర ఉంటుంది, వాటి గాయం అంచులు దగ్గరకు ముడుచుకుని మానిపోతుంది. మనిషి గాయం ఎక్కువగా కండ పెరిగి, చర్మం అల్లుకుని మానాలి. పంది చర్మం మన చర్మానికి దగ్గర, అందుకే వింటర్ దాన్ని ఎంచుకున్నాడు. కానీ ఆ పందికి కూడా పదిహేనేళ్ల షుగర్ లేదు, మొద్దుబారిన పాదం లేదు. అందువల్ల చివరికి మనుషుల మీద, అదీ మీ నాన్నగారి లాంటి పుండు ఉన్న మనుషుల మీద చూడక తప్పదు.

అలా చూసినప్పుడు చాలా కట్ల వైభవం తగ్గిపోయింది. బ్రిటన్‌లో 317 మంది షుగర్ పాదపు పుండ్లవాళ్లకు చీటీ వేసినట్టు మూడు రకాల కట్లు పంచి 24 వారాలు గమనించారు. ఒకటి మామూలు అంటుకోని గుడ్డ, ఒకటి అయోడిన్ కట్టు, ఒకటి ఆధునికమైన, రసి పీల్చే ఖరీదైన కట్టు. 2009లో ఫలితాలు వచ్చాయి. మానడంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, మామూలు గుడ్డే చవక. అదే ఏడాది 213 మంది మీద వెండి కట్లతో చేసిన మరో బ్రిటిష్ పరీక్ష ఫలితాలూ వచ్చాయి. అది సిరల జబ్బు వల్ల పిక్క మీద పడే పుండ్లకు సంబంధించింది. అందులోనూ 12 వారాలకు మామూలు కట్టుకూ వెండి కట్టుకూ తేడా కనిపించలేదు. తేనె విషయంలో న్యూజిలాండ్‌లో 368 మంది మీద చేసిన పరీక్ష 2008లో వచ్చింది. అదీ పిక్క పుండ్ల మీదే. తేనె కట్టుతో మానడం పెరగలేదు, నొప్పి లాంటి ఇబ్బందులు పెరిగాయి. అది ఆసుపత్రి వాడకానికి శుద్ధి చేసిన తేనె. వంటింటి తేనె సీసా సంగతి చెప్పనక్కర్లేదు, దయచేసి వద్దు.

షుగర్ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు, పుండు మానడం కోసమని వెండి కట్లు గానీ తేనె గానీ వాడొద్దనే చెబుతున్నాయి. కాబట్టి మీరు ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, కానీ ఇకపై ఆ డబ్బు చెప్పులకో, పట్టీకో, రక్తప్రసారం పరీక్షకో పెట్టండి.

మరి ఏ కొత్త కట్టూ పనికిరాదా అంటే, అలా కాదు. అందుకే పరీక్షలు కావాలంటున్నాను. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ అనే పదార్థం కలిపిన కట్టును ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, బ్రిటన్ దేశాల్లోని 43 ఆసుపత్రుల్లో 240 మంది మీద పరీక్షించారు. అందరికీ నరాలు దెబ్బతిన్నవే, రక్తప్రసారం కొంత తగ్గినవే, కానీ ఇన్ఫెక్షన్ లేని పుండ్లు. 126 మందికి ఆ పదార్థం ఉన్న కట్టు, 114 మందికి చూడటానికి అచ్చం అలాగే ఉండి ఆ పదార్థం లేని కట్టు. రోగికీ తెలియదు, కట్టు కట్టేవాళ్లకూ తెలియదు. 20 వారాల్లో మొదటి గుంపులో 60 మందికి, రెండో గుంపులో 34 మందికి పుండు పూర్తిగా మూసుకుంది. అంటే 48 శాతం, 30 శాతం. 2018లో ఇది ప్రచురితమయ్యాక మార్గదర్శకాల్లో ఈ కట్టుకు చోటు దక్కింది. అది కూడా రెండు వారాలు మంచి వైద్యం చేసి, ఒత్తిడి తప్పించి చూశాక, తగినంత మార్పు లేకపోతేనే వాడమని. ఈ పరీక్షకు డబ్బు పెట్టింది ఆ కట్టు తయారుచేసిన కంపెనీయే. అయినా దాన్ని నమ్ముతున్నానంటే, రెండు గుంపులకూ ఒకేలాంటి వైద్యం అందించి, ఎవరికి ఏది వచ్చిందో దాచి, నిజాయితీగా పోల్చారు కాబట్టి.

ఆ 30 శాతం గురించి ఇంకొంచెం చెబుతాను, మీ సందేహానికి జవాబు అందులోనే ఉంది. ‘మామూలు’ కట్టు వచ్చినవాళ్లలో కూడా దాదాపు మూడింట ఒకరికి పుండు మానింది. వాళ్లకు ఇచ్చింది పైన గుడ్డ ఒక్కటే కాదు. చచ్చిన కండ తీసేశారు, ఒత్తిడి తప్పించే చెప్పులు ఇచ్చారు, క్రమం తప్పకుండా చూశారు. కంప్యూటర్ చీటీలో నాన్నగారికి మామూలు కట్టు వస్తే ఆయనకు అన్యాయం జరిగినట్టు కాదు. ఆ కొత్త కట్టు మేలో కాదో ఇంకా ఎవరికీ తెలియదు. తెలిస్తే పరీక్షే అక్కర్లేదు. డాక్టర్లు తమకు నచ్చినవాళ్లకు కొత్తది, మిగతావాళ్లకు పాతది ఇస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా ఒక గుంపులోకి చేరి లెక్క తప్పుతుంది. కంప్యూటర్ పని దాన్ని ఆపడమే.

అయితే అన్ని పరీక్షలూ ఇంత శ్రద్ధగా జరగవు. కొన్నిచోట్ల కొత్త కట్టును మంచి వైద్యంతోనూ, దానికి పోటీగా తడి గాజుగుడ్డను ఏ వైద్యమూ లేకుండానూ నిలబెడతారు. అప్పుడు కొత్తది గెలవకుండా ఎలా ఉంటుంది? అలాంటి పరీక్షలో ఓడిపోయే గుంపులో మీ నాన్నగారు ఉండకూడదు. అందుకే ఆసుపత్రికి వెళ్లినప్పుడు మొట్టమొదట ఇది అడగండి: ‘మామూలు కట్టు వచ్చినవాళ్లకు కూడా పాదం మీద ఒత్తిడి తగ్గించే పట్టీ గానీ బూటు గానీ ఇస్తారా? ఉచితంగా ఇస్తారా?’ దీనికి తడుముకోకుండా అవునని చెబితే సగం నమ్మవచ్చు.

తర్వాత, పుండు మానిందని దేన్ని అంటారో అడగండి. కొన్నిచోట్ల పుండు కొంచెం చిన్నదైనా గెలిచామంటారు. అమెరికాలో మందుల, పరికరాల అనుమతులు చూసే ఎఫ్‌డీఏ 2006లో ఒక కొలమానం పెట్టింది: చర్మం పూర్తిగా మూసుకోవాలి, రసి రాకూడదు, కట్టు అవసరం ఉండకూడదు, రెండు వారాల తేడాతో రెండుసార్లు చూసినా అలాగే ఉండాలి. నాకు తెలిసి రోగి కోరుకునేది కూడా ఇదే. కొలిచే మనిషికి ఏ కట్టు ఎవరిదో తెలుసా అని కూడా అడగండి. కట్టు కట్టేవాళ్లకు తెలియకుండా దాచడం ప్రతిసారీ సాధ్యం కాదు. అలాంటప్పుడు ఫోటోలు చూసి కొలిచే వ్యక్తినైనా వేరేగా పెట్టాలి.

కాగితాల విషయంలో మొహమాటపడకండి. కొత్త రకం డ్రెస్సింగ్‌ను మనుషుల మీద పరీక్షించాలంటే వైద్య పరికరాల నిబంధనలు, 2017 ప్రకారం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి, పరీక్షలో చేరేవాళ్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదమూ ఉండాలి. పరీక్షను సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్టర్‌లో ముందే నమోదు చేయాలి. ఆ నంబర్ అడిగి తీసుకోండి. ఆ రిజిస్టర్‌ను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఎంతమందిని చేర్చుకుంటారు, దేనితో పోలుస్తారు, డబ్బు ఎవరిది, ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, అన్నీ అందులో ఉంటాయి. నంబర్ చెప్పకుండా మాట దాటేస్తే లేచి వచ్చేయండి.

అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. మీరు కాదు, నాన్నగారు చదివి, అడగవలసినవి అడిగి, తనే సంతకం చేయాలి. ‘నువ్వెలా అంటే అలా’ అనడం మీ మీద ప్రేమతోనే, కానీ ఈ ఒక్క విషయంలో నిర్ణయం ఆయన నోటి నుంచే రానివ్వండి. ఇంటికి తీసుకెళ్లి మేనత్తగారికీ చదివి వినిపించాలని చెప్పి ఒక కాపీ అడగండి, ఆ రోజే సంతకం పెట్టమని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని, మానుకున్నా మామూలు వైద్యం ఆగదని, పరీక్ష వల్ల హాని జరిగితే చికిత్సా నష్టపరిహారమూ వాళ్లదేనని ఆ పత్రంలో స్పష్టంగా ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా అందులోనే ఉంటుంది.

ఇంకొక మాట. పరీక్ష పెట్టేవాళ్లు ముందు ఒకటి రెండు వారాలు మామూలు వైద్యం చేసి చూసి, ఆ తర్వాతే చేర్చుకుంటామని అనవచ్చు. దాన్ని కాలయాపన అనుకోకండి. మంచి పరీక్షకు అది గుర్తు. ఒత్తిడి తప్పించగానే పుండు గబగబా మానడం మొదలుపెడితే కొత్త కట్టు అవసరమే లేదు. అలా జరిగి నాన్నగారిని చేర్చుకోకపోతే మీరు సంతోషించాలి. ఎముకకు ఇన్ఫెక్షన్ ఉందనో, రక్తం చాలదనో చేర్చుకోబోమని చెప్పినా నిరాశపడకండి. నాలుగు నెలలుగా తెలియని అసలు జబ్బు తెలిసినట్టే, ఇక దానికే వైద్యం చేయించాలి.

చేరినా చేరకపోయినా ఈ వారం నుంచి పుండు కొలతలు మీరే రాయండి. పక్కన స్కేలు పెట్టి, ఒకే దూరం నుంచి, ఒకే వెలుతురులో వారానికి ఒక ఫోటో తీయండి. పుండు చుట్టూ ఉన్న ఆనెకాయను, చచ్చిన కండను డాక్టరు కోసి శుభ్రం చేసిన రోజు అది పెద్దదైనట్టు కనిపిస్తుంది, కంగారుపడవద్దు. ఆ రోజు నుంచే లెక్క మొదలుపెట్టండి. అమెరికాలో 203 మంది రోగుల మీద చేసిన పరిశీలన ఒకటి 2003లో వచ్చింది. నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సుమారు సగానికి పైగా తగ్గినవాళ్లలో 58 శాతం మందికి 12 వారాలకల్లా మానింది. అంత తగ్గనివాళ్లలో 9 శాతం మందికే మానింది. కాబట్టి నాలుగు వారాలకు సగం కూడా తగ్గకపోతే ఇదే వైద్యం ఇంకో నెల కొనసాగిద్దామని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. రక్తప్రసారం, ఎముక, ఒత్తిడి, ఈ మూడింటినీ మళ్లీ మొదటి నుంచి చూడమని అడగండి.

పరీక్ష తేదీ కోసం ఆగకూడని పరిస్థితులు కూడా ఉన్నాయి. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, పాదం వాచినా, వేడిగా ఉన్నా, చెడు వాసన వచ్చినా, చీము కారినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, ఉన్నట్టుండి షుగర్ అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని నాన్నగారు అంటారు. ఆ పాదం విషయంలో నొప్పిని సాక్ష్యంగా తీసుకోవద్దు. ఎడమ కాలిని కూడా రోజూ రాత్రి మీరో, అమ్మగారో లైటు వేసి చూడండి, వేళ్ల సందుల్లో కూడా. కుడికాలిని కాపాడే ప్రయత్నంలో బరువంతా ఎడమకాలి మీద పడుతుంది.

మీ ఊరి నుంచి విజయవాడకు వారం వారం రావాలంటే ప్రయాణం ఎలా అన్నది కూడా ముందే మాట్లాడుకోండి. చాలా పరీక్షల్లో రోగికీ, తోడు వచ్చినవాళ్లకూ దారిఖర్చులు ఇస్తారు, అడగడంలో తప్పు లేదు. బస్సులో వెళ్లేటప్పుడు నాన్నగారికి ముందు వైపు సీటు చూసి, కాలు కిందికి వేలాడకుండా చాపుకునే వీలు కల్పించండి. బస్టాండ్ నుంచి ఆసుపత్రి దాకా ఆటో ఎక్కించండి, దగ్గరే కదా అని నడిపించకండి. ఆసుపత్రి వాళ్లు చెప్పిన సీటీఆర్‌ఐ నంబర్, అంగీకార పత్రం కాపీ నాకు పంపితే చదివి, ఇంకా ఏం అడగాలో రాస్తాను.